ఆర్డరు చేయలేదని నిరూపించే పని మీది కాదు, చేశారని చూపే పని వారిది

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. ఒక సంస్థ ప్రతి నెలా మీకు వస్తువులు పంపుతున్నట్టు బిల్లు వేస్తోంది, ఆ సొమ్ము మీ కార్డు నుంచి పోతోంది. పార్సెళ్లలో కొన్ని మీ ఇంటికి వచ్చాయి, కొన్ని అసలు రాలేదు, మీరు మాత్రం దేనినీ ఆర్డరు చేయలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, వచ్చినవాటిని వాపసు పంపమంటున్నారు, రానివి అందినట్టే తమ రికార్డులో ఉందంటున్నారు. డబ్బు కట్టాలా, పార్సెళ్లను ఏం చేయాలి, కార్డు బ్లాక్ చేయిస్తే సరిపోతుందా అని అడిగారు.

మూడింటికీ జవాబులు చిన్నవే: కట్టనక్కరలేదు, పార్సెళ్లను విప్పకుండా పక్కన పెట్టండి, కార్డు బ్లాక్ చేయించినంత మాత్రాన ఇది ఆగకపోవచ్చు. కానీ ఇదే ఇబ్బంది నేను కొంతకాలం పడ్డాను కాబట్టి, ఈ జవాబుల కన్నా ముఖ్యమైన విషయం ఒకటి ఉందని చెప్పగలను. ఇలాంటి తగాదాలో మనిషి తనకు తెలియకుండానే “నేను ఆర్డరు చేయలేదు” అని రుజువు చేసుకునే పనిలో పడిపోతాడు. జరగని పనికి ఎవరూ సాక్ష్యం చూపలేరు. ఆర్డరు ఉందంటున్నది వారు కాబట్టి, దాన్ని చూపించమని వారిని అడగాలి.

ఫిర్యాదు రాసే ముందు ఇంట్లో ఇంకెవరైనా మీ ఖాతా నుంచి కొన్నారేమో, ఉచిత ట్రయల్‌గా ఎప్పుడో మొదలైన సబ్‌స్క్రిప్షన్ ఏదైనా గడువు దాటి నడుస్తోందేమో చూసుకోండి. స్టేట్‌మెంటులో పడే పేరు, మనకు తెలిసిన దుకాణం పేరు ఒకటే కావాలని లేదు కాబట్టి, ఆ పేరు ఎవరిదో బ్యాంకును అడిగి తెలుసుకోండి. ఆ సంస్థలో మీకు ఖాతా ఉంటే పాస్‌వర్డ్ మార్చి, అందులో నమోదైన చిరునామాల జాబితాను, ఆర్కైవ్‌లోకి పంపిన పాత ఆర్డర్లను తెరిచి చూడండి. ఇతరుల ఖాతాలోకి చొరబడినవారు తాము చేసిన ఆర్డర్లను అక్కడ దాచిపెట్టడం మామూలే. ఈమెయిలులో మీరు పెట్టని ఫిల్టర్లేవైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఆర్డరు వివరాలతో వచ్చే మెయిల్ మన కంటపడకుండా నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లేలా అమర్చడం మోసగాళ్లకు తెలిసిన విద్యే.

నా విషయంలో ఇవేవీ కావు. నీటి శుద్ధి యంత్రాలకు ఫిల్టర్లు అమ్మే ఒక సంస్థ దగ్గర నేను గతంలో ఒక్కసారి ఒక ఫిల్టరు కొన్నాను, ఆ తరువాత వారితో పని పడలేదు. చాలాకాలానికి కార్డు స్టేట్‌మెంటులో ఆ సంస్థ పేరు కనిపించింది, మరుసటి నెలా కనిపించింది. ఈలోగా ఒక పెట్టె మా గుమ్మం ముందుకు వచ్చింది, అందులో ఉన్నవి మా యంత్రానికి పట్టని రకం ఫిల్టర్లని పెట్టె మీది లేబుల్ చూస్తేనే తెలిసింది. మిగిలినవి మాకు రాలేదు. ఫోన్ చేస్తే అవతలివారు చాలా మర్యాదగా, “మీ డెలివరీలన్నీ సక్రమంగానే నడుస్తున్నాయండీ” అన్నారు. అసలు ఈ డెలివరీలు నావే కావంటే, వాపసు విభాగంలోకి వెళ్లి కారణం ఎంచుకుని దరఖాస్తు పెట్టమన్నారు. ఆ పేజీ తెరిస్తే కారణాల జాబితా ఉంది: వస్తువు పాడైంది, సైజు సరిపోలేదు, ఆలస్యంగా వచ్చింది, మనసు మార్చుకున్నాను, ఇంతకన్నా తక్కువ ధరకు మరోచోట దొరికింది. నేను ఆర్డరు చేయలేదు అనే కారణం మాత్రం అందులో లేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టుంది వ్యవహారం.

ఆ జాబితాలోంచి ఏదో ఒకటి ఎంచుకుని పని కానిచ్చేద్దామని మీకూ అనిపించవచ్చు. నా సలహా ఏమిటంటే, ఆ పని చేయకండి. “మనసు మార్చుకున్నాను” అని నొక్కిన మరుక్షణం ఆర్డరు మీదేనని ఒప్పుకున్నట్టు వారి రికార్డులోకి ఎక్కుతుంది. వాపసు గడువు దాటిందనడానికీ, రవాణా ఖర్చు మినహాయించుకోవడానికీ, రేపు బ్యాంకు విచారించినప్పుడు “ఖాతాదారే స్వయంగా వాపసు కోరారు” అని చూపడానికీ వారికి ఆధారం దొరుకుతుంది. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయమని కోరడం వల్లా ఇదే చిక్కు: అంతకు ముందు వరకు అది సమ్మతితోనే నడిచిందన్న అర్థం వస్తుంది. ముందు ముందు సొమ్ము పోకుండా ఆపడానికి రద్దు మీట నొక్కక తప్పని పరిస్థితి ఉంటే నొక్కండి, కానీ నొక్కే ముందు ఆ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు “ఈ సబ్‌స్క్రిప్షన్ నేను ప్రారంభించినది కాదు, ఇకపై సొమ్ము పోకుండా ఉండేందుకు మాత్రమే దీన్ని నిలిపివేస్తున్నాను” అని వారికి మెయిల్ పంపండి.

ఫోన్ సంభాషణలతో ఈ పని తేలదు. మాట్లాడిన ప్రతిసారీ కొత్త మనిషి వస్తారు, కథంతా మొదటి నుంచి చెప్పాలి, చివరికి వారు టికెట్ మూసివేశామని సందేశం పంపుతారు. నేను ఒక దశలో ఫోన్లు పూర్తిగా మానుకుని, ఫిర్యాదుల అధికారి చిరునామాకు ఒకే ఒక మెయిల్ రాశాను, తరువాతి ఉత్తరప్రత్యుత్తరాలన్నీ దాని కిందనే నడిపాను. అందులోని ముఖ్యమైన భాగం ఇంచుమించు ఇలా ఉంది, కావాలంటే మీ వివరాలతో మార్చుకుని వాడుకోండి:

“ఈ కింది తేదీలలో నా కార్డు నుంచి మీ సంస్థ సొమ్ము తీసుకుంది. వీటికి సంబంధించిన ఏ ఆర్డరూ నేను చేయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. ఆర్డరు ఉందని మీరు చెబుతున్నట్లయితే, అది ఏ తేదీన, ఏ సమయానికి, ఏ ఖాతా నుంచి, వెబ్‌సైటు ద్వారానా యాప్ ద్వారానా ఫోన్ ద్వారానా నమోదైందో, పదేపదే సొమ్ము తీసుకోవడానికి సమ్మతి ఏ రూపంలో తీసుకున్నారో, ఏ చిరునామాకు పంపారో, అందినట్టు ఏ ఆధారం ఉందో రాతపూర్వకంగా తెలపండి. చూపలేని పక్షంలో మొత్తం సొమ్మును అదే కార్డుకు తిరిగి జమ చేయండి. ఇది వాపసు దరఖాస్తు కాదు.”

చివరి వాక్యం చిన్నదైనా దాన్ని వదిలేయకండి. “అదే కార్డుకు” అన్న మాట కూడా అవసరమే, ఎందుకంటే ఆ సంస్థ మొదట నాకు తమ వాలెట్‌లో జమ చేస్తామని, దానితో తరువాత వారి దగ్గరే ఏదైనా కొనుక్కోవచ్చని ప్రతిపాదించింది. నేను ఒప్పుకోలేదు. కొననివాటికి తీసుకున్న సొమ్మును కొనుగోలు కూపనుగా మార్చి ఇస్తామనడం పరిష్కారం అనిపించుకోదు.

జవాబుగా వారు అందినట్టు ఆధారమంటూ కొన్ని ఫొటోలు పంపారు. మీకు రాని పార్సెళ్లు అందాయని వారు అంటున్నారు కాబట్టి ఈ భాగాన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఈ రోజుల్లో పార్సెల్ తెచ్చినవారు గుమ్మం ముందు దాన్ని ఉంచి ఫొటో తీస్తారు, ఆ ఫొటోతో పాటు సమయమూ, చాలా సందర్భాల్లో వారి పరికరం ఉన్న స్థానమూ నమోదవుతాయి. నాకు పంపిన ఫొటోలో పెట్టె మీద మా పేరు లేదు, లేబుల్ ఉన్న వైపు గోడకు తిరిగి ఉంది. తలుపు నీలం రంగుది, దానికి ఇనుప గ్రిల్లు ఉంది, పక్కన చెప్పుల అర, ఆ అరలో పసిపిల్లల చెప్పులు. మా తలుపుకు గ్రిల్లు లేదు, మా ఇంట్లో ఆ వయసు పిల్లలూ లేరు. నేను మా తలుపు ఫొటో తీసి వారి ఫొటో పక్కన పెట్టి పంపాను, ఈ రెండూ ఒకే ఇల్లు అని మీరు భావిస్తున్నారా అని ఒక్క ప్రశ్న అడిగాను. అంతవరకు గంటల్లో వచ్చే జవాబులు ఆ మెయిల్ తరువాత కొంతకాలం రాలేదు.

కాబట్టి “డెలివర్ అయింది” అన్న ఒక్క మాటను ఆధారంగా ఒప్పుకోకండి. ఫొటో, సంతకం, ఓటీపీ, స్థాన వివరం, వీటిలో ఏది ఉంటే అది చూపమనండి. చిరునామా ఇతరులదైతే గోప్యత కారణంగా చెప్పలేమనవచ్చు, అది న్యాయమైన అభ్యంతరమే. అప్పుడు “ఆ చిరునామా నాదేనా కాదా అన్నది మాత్రం చెప్పండి” అని అడగండి. కాదని వారే రాసి ఇస్తే, మీ చేతికి అంతకన్నా బలమైన కాగితం దొరకదు. మీరు ఐరోపా సమాఖ్యలోనో బ్రిటన్‌లోనో ఉంటే ఇంకో మార్గం ఉంది: 2018లో అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద, మీ గురించి ఆ సంస్థ దగ్గర ఉన్న సమాచారం మొత్తం ఇవ్వమని కోరవచ్చు, సాధారణంగా నెలలోగా ఇవ్వాలి. బిల్లు గురించి నోరు మెదపని సంస్థలు కూడా ఈ అభ్యర్థనకు స్పందించక తప్పదు, ఎందుకంటే అది వేరే విభాగానికి వెళుతుంది.

నా సంగతిలో అసలు కారణం మోసం కాదని చివరికి తేలింది. నేను వాడుతున్న మొబైల్ నంబరు గతంలో మరొకరిది, వాడకంలో లేక టెలికాం సంస్థకు తిరిగి వెళ్లి, ఆ తరువాత నాకు కేటాయించబడినది. ఆ పాత యజమానికి ఈ ఫిల్టర్ల సంస్థలో నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఉంది. సంస్థవారు తమ రికార్డులను శుభ్రం చేసే క్రమంలో ఒకే నంబరున్న ఖాతాలను కలిపేశారు. అలా ఆయన సబ్‌స్క్రిప్షన్, నా కార్డు ఒకే ఖాతాలోకి వచ్చి కూర్చున్నాయి. చిరునామాలు రెండు ఉండటంతో ఒక పెట్టె మా ఇంటికి, మిగిలినవి ఆయన ఇంటికి వెళ్లాయి. ఫోన్ నంబరునే మనిషికి గుర్తింపుగా వాడే సంస్థలు ఎన్నో ఉన్నాయి, కనుక మీ నంబరు కొత్తగా తీసుకున్నదైతే ఈ కోణం కూడా ఒకసారి చూడమని వారిని అడగండి. ఆ పాత యజమాని తనకు ఉచితంగా ఎందుకు వస్తున్నాయా అని ఎప్పుడైనా ఆలోచించాడో లేదో నాకు తెలియదు.

ఇక బ్యాంకు సంగతి. సంస్థ జవాబు కోసం ఎదురుచూస్తూ బ్యాంకు గడువును చేజార్చుకోవద్దు, రెండూ సమాంతరంగా నడవాలి. అమెరికాలో 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం, తప్పుడు మొత్తం ఉన్న మొదటి స్టేట్‌మెంటు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోగా క్రెడిట్ కార్డు సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి, వారు 30 రోజుల్లో అందినట్టు చెప్పి, రెండు బిల్లింగ్ కాలాల్లోగా, ఎంత ఆలస్యమైనా 90 రోజుల్లోగా తేల్చాలి. మనం స్వీకరించని వస్తువులకు, చెప్పినట్టు అందని వస్తువులకు వేసిన బిల్లును ఆ చట్టం బిల్లింగ్ పొరపాటుగానే లెక్కిస్తుంది. భారతదేశంలో రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని అనధికార లావాదేవీని, బ్యాంకు సందేశం అందాక మూడు పనిదినాల్లోగా తెలిపితే ఖాతాదారుకు బాధ్యత ఉండదు, ఖాతాదారుదే బాధ్యత అని నిరూపించే భారం బ్యాంకు మీద ఉంటుంది. ఈ గడువులు మనకు చిరాకు తెప్పించేంత చిన్నవి, అందుకే సొమ్ము పోయిన సందేశం చూసిన రోజే ఫిర్యాదు చేసి, దాని నంబరు రాసిపెట్టుకోవాలి.

బ్యాంకు ఫారంలో ఫిర్యాదు ఏ రకమని అడుగుతారు. నేను అనుమతించని లావాదేవీ, వస్తువు అందలేదు, రద్దు చేశాక కూడా సొమ్ము తీసుకున్నారు: ఇవి మూడూ పైకి ఒకటే అనిపించినా, బ్యాంకు లోపల మూడు వేర్వేరు దారుల్లో నడుస్తాయి, ఒక్కోదానికి విక్రేత చూపవలసిన ఆధారం వేరు. మీరు ఆర్డరే చేయలేదు కాబట్టి మొదటి రకాన్నే ఎంచుకోండి. “వస్తువు అందలేదు” అన్నది ఎంచుకుంటే విక్రేత ఏదో ఒక తలుపు ఫొటో పంపి గెలిచిపోతాడు, అసలు ఆర్డరు ఎవరిదన్న ప్రశ్న తెర మీదికే రాదు.

కార్డు బ్లాక్ గురించి ఎందుకు అనుమానంగా చెప్పానంటే, వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలకు ఖాతా వివరాలను నవీకరించే సేవలు ఉన్నాయి. మీకు కొత్త కార్డు వచ్చినప్పుడు, ఆ సేవలో చేరిన బ్యాంకుల ద్వారా కొత్త నంబరు, గడువు తేదీ సబ్‌స్క్రిప్షన్ విక్రేతలకు చేరిపోతాయి. సక్రమమైన సబ్‌స్క్రిప్షన్లు తెగిపోకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటు అది, కానీ అక్రమమైనదానికీ అలాగే పనిచేస్తుంది. కాబట్టి కార్డు మార్పించడంతో ఊరుకోక, ఈ విక్రేతకు ఇచ్చిన అనుమతిని రద్దు చేయమని బ్యాంకును పేరు చెప్పి అడగండి. కార్డు మీద ఉన్న ఆటో చెల్లింపుల జాబితాను బ్యాంకు చూపించే చోట, దాన్ని తెరిచి మీరే తొలగించుకోవచ్చు.

వచ్చిన పార్సెళ్ల విషయంలో చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1970 నుంచి ఉన్న తపాలా చట్టం, అడగకుండా తపాలాలో పంపిన వస్తువును కానుకగా భావించి ఉంచుకునే హక్కు గ్రహీతకు ఇస్తుంది, దానికి బిల్లు పంపడాన్ని నిషేధిస్తుంది. ఐరోపా సమాఖ్య 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల ఆదేశం, కోరని వస్తువుకు డబ్బు కట్టనక్కరలేదనీ, వినియోగదారు మౌనంగా ఉండటాన్ని సమ్మతిగా తీసుకోరాదనీ చెబుతుంది. బ్రిటన్‌లో 1971 నుంచే ఇలాంటి చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో పంపినవారికి తిరిగి తీసుకువెళ్లేందుకు మూడు నెలల వ్యవధి ఉంటుంది, ఆర్డరు చేయలేదని మీరు రాతపూర్వకంగా తెలిపితే అది ఒక నెలకు తగ్గుతుంది. భారతదేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడుల ద్వారా సమ్మతి నమోదు చేయడాన్ని నిషేధించాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, ఇది మోసమని అనుమానం ఉంటే సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి.

చట్టం ఉంచుకోవచ్చన్నా నేనైతే విప్పి వాడమని సలహా ఇవ్వను. నా విషయంలో లాగా అది వేరొకరి పేరున రావలసిన వస్తువు, పొరపాటున మీకు చేరినది అయి ఉండవచ్చు, అప్పుడు ఈ కానుక నియమం వర్తించకపోవచ్చు. మీ ఖర్చుతో వెనక్కి పంపవలసిన అవసరం మాత్రం లేదు. “పెట్టె విప్పకుండా భద్రంగా ఉంది, మీ ఖర్చుతో, ముందుగా చెప్పి వచ్చి తీసుకువెళ్లండి” అని రాసి ఊరుకోండి. పెట్టె మీది లేబుల్‌ను మాత్రం స్పష్టంగా ఫొటో తీసి ఉంచుకోండి, ట్రాకింగ్ నంబరు, పంపినవారి పేరు అందులోనే ఉంటాయి. పెట్టె మీద గానీ, ఇప్పటికే విప్పి ఉంటే లోపల గానీ క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం ఏదైనా కనబడితే దాన్ని స్కాన్ చేయకండి. బిల్లు లేకుండా ఊరికే పార్సెళ్లు వచ్చే మరో తంతు ఉంది, దానిలో విక్రేతలు మీ పేరు మీద దొంగ సమీక్షలు రాసుకోవడానికి ఏవో చవక వస్తువులు పంపుతారు. 2020లో అమెరికాలో చాలామందికి అడగని విత్తనాల పొట్లాలు వచ్చినప్పుడు వ్యవసాయ శాఖ వాటిని నాటవద్దని హెచ్చరించింది. మీది ఆ రకం కాదు, ఎందుకంటే మీ సొమ్ము పోతోంది. అలాగే తలుపు దగ్గర డబ్బు కట్టి తీసుకోవలసిన పార్సెల్ ఏదైనా వస్తే, ఎవరికి పంపారో తేలేదాకా తీసుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. తీసుకున్నాక ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం కార్డు సొమ్ము కన్నా కష్టం.

కార్డుకు బదులు బిల్లు కాగితం పంపి, కట్టలేదని వసూలు ఏజెన్సీకి అప్పగించే సంస్థలూ ఉన్నాయి. ఏజెన్సీ నుంచి నోటీసు వస్తే భయపడి కొంతైనా కట్టేయకండి, కొంత కట్టడాన్ని బాకీ ఒప్పుకున్నట్టుగా వాడుకోవచ్చు. బాకీని అంగీకరించడం లేదని, ఆధారాలు చూపమని రాయండి. అమెరికాలో నోటీసు అందిన 30 రోజుల్లోగా అలా రాస్తే, ఆధారం పంపేదాకా వారు వసూలు ఆపవలసిందే.

సొమ్ము తిరిగి జమ అయిన తరువాత కూడా నేను ఆ సంస్థను ఒక లేఖ అడిగి తీసుకున్నాను, మీరూ అడగండి. నా పేరు మీద ఎలాంటి బకాయి లేదని, సబ్‌స్క్రిప్షన్ నా ఖాతా నుంచి విడదీయబడిందని, కార్డు వివరాలు తొలగించబడ్డాయని, క్రెడిట్ సమాచార సంస్థలకు నా గురించి ఏమీ పంపలేదని ఆ లేఖలో ఉండాలి. మొదట వారు పంపినది “మీ సమస్య పరిష్కరించబడింది” అన్న ఒక్క వాక్యం, దాన్ని వెనక్కి పంపి ఈ నాలుగు విషయాలూ పేరుపేరునా రాయించుకోవలసి వచ్చింది. ఆ పెట్టెను తీసుకువెళ్లడానికి మాత్రం ఇప్పటివరకు ఎవరూ రాలేదు.